పుష్పవిలాపం (ఘంటసాల రికార్డు)

పుష్పవిలాపం ప్రముఖ గాయకుడు, సంగీత దర్శకుడు ఘంటసాల వెంకటేశ్వరరావు (1922 డిసెంబరు 4 - 1974 ఫిబ్రవరి 11) గానం చేసిన పద్యాల గ్రామఫోను రికార్డు. కరుణశ్రీగా పేరుపొందిన జంధ్యాల పాపయ్యశాస్త్రి రచించిన ఇదే పేరుగల ఖండిక దీనికి మూలం. ఇది సినిమా కోసం పాడినది కాదు. సినిమాలతో సంబంధం లేకుండా విడిగా వెలువడే ఇటువంటి వాటిని తెలుగువారు "ప్రైవేటు రికార్డులు" అంటారు. కరుణశ్రీ రచించిన మరొక ఖండిక "కుంతీకుమారి"ని కూడా ఘంటసాల ఇదే విధంగా పాడి రికార్డు చేశాడు. ఘంటసాల ప్రైవేటు రికార్డులలో ఈ రెండూ మిక్కిలి ప్రజాదరణ పొందాయి.

తెలుగు పద్యాన్ని పాడే పద్ధతిలో వచ్చిన ఒక ముఖ్యమైన మార్పుకు ఈ రికార్డు చక్కని ఉదాహరణ. అంతకుముందు పద్యగానం ప్రధానంగా నాటక రంగానికి చెందిన విద్య. అందులో రాగాలాపనకు ప్రాధాన్యం ఎక్కువ. మూడు నిమిషాల రికార్డులో ఆ ఆలాపనకు చోటు లేదు. ఆ పరిమితిలో ఏది ఉంచుకోవాలి, ఏది వదులుకోవాలి అన్న ప్రశ్నకు ఘంటసాల చెప్పిన సమాధానమే తరువాతి కాలంలో "ఘంటసాల బాణీ"గా స్థిరపడింది.

గాయకుని కుటుంబ నేపథ్యం

ఘంటసాల కృష్ణా జిల్లా గుడివాడ సమీపంలోని చౌటపల్లి గ్రామంలో జన్మించాడు. తండ్రి సూరయ్య, తల్లి రత్తమ్మ. సూరయ్య మృదంగం వాయిస్తూ భజనలు చేసేవాడు, నారాయణతీర్థుల తరంగాలు పాడేవాడు. కొడుకును భుజాలపై కూర్చోబెట్టుకొని భజనలకు తీసుకువెళ్ళేవాడు. ఆ పాటలకు అనుగుణంగా బాలుడు చేసే నాట్యాన్ని చూసి జనం అతనిని "బాల భరతుడు" అని పిలిచేవారు. అక్షరాభ్యాసానికి ముందే పాటను చెవితో వినడం, దానికి పాదం కలపడం అతనికి ఈ విధంగా అలవడ్డాయి.

ఘంటసాల పదకొండవ ఏట సూరయ్య మరణించాడు. కొడుకు సంగీత విద్వాంసుడు కావాలన్నది ఆయన చివరి కోరిక. తండ్రి మరణంతో కుటుంబం ఆర్థికంగా చితికిపోగా మేనమామ ర్యాలి పిచ్చయ్య వారి బాగోగులు చూశాడు.

కృష్ణా డెల్టా సంగీత వాతావరణం

ఘంటసాల పుట్టి పెరిగిన ప్రాంతం సంగీత, నాట్య, నాటక కళలకు పేరుపొందినది. సిద్ధేంద్రయోగి భామాకలాపంతో ప్రసిద్ధికెక్కిన కూచిపూడి, క్షేత్రయ్య పదాలలో కనిపించే మువ్వగోపాలుని మొవ్వ ఈ డెల్టాలోనివే. నారాయణతీర్థుల తరంగాలను భజన గోష్ఠులలో పాడటమే కాక కూచిపూడి నాట్యంలో పళ్ళెం అంచులపై నిలిచి ఆడటం నేటికీ కనిపిస్తుంది.

దివిసీమలోని పెదకళ్ళేపల్లిలో సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రి శాస్త్రీయ సంగీతం బోధించాడు. ఆయన శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. రామకృష్ణయ్య పంతులు వద్ద మంగళంపల్లి బాలమురళీకృష్ణ సంగీతం నేర్చుకున్నాడు. దక్షిణామూర్తిశాస్త్రి మనుమడైన సినీ సంగీత దర్శకుడు సుసర్ల దక్షిణామూర్తి కూడా పెదకళ్ళేపల్లికి చెందినవాడే.

మచిలీపట్నం (బందరు) పద్యానికి మరొక కేంద్రం. తిరుపతి వేంకట కవులలో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి ఇక్కడి హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా పనిచేశాడు. ఈ జంటకవులు రచించిన పాండవ నాటకాలలోని పద్యాలు ఆంధ్రదేశమంతటా వ్యాపించాయి. చదువు రానివారు కూడా నాటకాలు చూసి వాటిని కంఠస్థం చేశారు. గుడివాడ, బందరు, దివిసీమ ప్రాంతాలలో రాత్రంతా సాగే నాటక ప్రదర్శనలు సామాన్య ప్రజలకు పద్యాన్ని పరిచయం చేసిన పాఠశాలలు.

రంగస్థలంపై పద్యగానం

ధ్వనివర్ధకాలు లేని కాలంలో నటుడి గొంతు చివరి వరుసలో కూర్చున్నవారికి కూడా వినబడాలి. అందువల్ల ఎత్తు శ్రుతిలో, తారస్థాయిలో పాడటం అవసరమైంది. పద్యం ముగిసిన తరువాత, ఒక్కొక్కసారి పాదం మధ్యలో సైతం, నటుడు దీర్ఘంగా రాగం తీసేవాడు. నచ్చితే ప్రేక్షకులు "వన్స్ మోర్" అనేవారు. నటుడు అదే పద్యాన్ని మరికొంత విస్తరించి మళ్ళీ పాడేవాడు. ఈ విధంగా ఒక్క పద్యానికే అనేక నిమిషాలు పట్టేది.

ఈ పద్ధతిలో ఒక గొప్పదనం, ఒక లోపం ఉన్నాయి. ప్రతి ప్రదర్శనలోను పద్యం కొత్తగా పుట్టేది, గాయకుని సృజనకు హద్దు ఉండేది కాదు. అయితే రాగవిస్తారంలో మాట మునిగిపోయేది. పద్యం ముందే తెలిసినవారు ఆనందించేవారు, తెలియనివారికి రాగం మాత్రమే మిగిలేది.

సంగీత విద్యాభ్యాసం

తండ్రి కోరిక నెరవేర్చడానికి ఘంటసాల విజయనగరం చేరుకున్నాడు. అక్కడి మహారాజా సంగీత కళాశాల 1919లో ఆదిభట్ల నారాయణదాసు అధ్యక్షతన ప్రారంభమైంది. 1936లో ద్వారం వెంకటస్వామినాయుడు దాని అధ్యక్షుడయ్యాడు. ఘంటసాలకు గాత్ర సంగీతం నేర్పిన గురువు పట్రాయని సీతారామశాస్త్రి. భోజనానికి వసతి లేని ఘంటసాల జోలె కట్టుకొని మధుకరం (ఇంటింటా అడిగి తెచ్చుకొనే అన్నం) చేస్తూ చదువు పూర్తిచేశాడు. తరువాత స్వగ్రామ ప్రాంతానికి తిరిగివచ్చి, ఉత్సవాలలో, వివాహాలలో కచేరీలు చేస్తూ సంగీత పాఠాలు చెప్పాడు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని బళ్ళారి సమీపంలోని అలీపురం జైలులో శిక్ష అనుభవించాడు. 1944లో సావిత్రితో ఆయన వివాహం జరిగింది.

ఇంటిలో విన్న భజన, ఊరిలో విన్న నాటక పద్యం, కళాశాలలో అభ్యసించిన కర్ణాటక సంగీతం అనే మూడు ధారలు ఆయన గానంలో కలిశాయి.

మద్రాసు జీవితం, తొలి రికార్డులు

సినీ రచయిత సముద్రాల రాఘవాచార్య ప్రోత్సాహంతో ఘంటసాల మద్రాసు వెళ్ళాడు. "సీతారామ జననం" (1944) చిత్రంలో బృందగానంలో పాల్గొన్నాడు. "స్వర్గసీమ" (1945)లో భానుమతితో కలిసి పాడాడు. మద్రాసు ఆకాశవాణిలో లలితగీతాలు పాడాడు. గ్రామఫోను రికార్డుకు ఈ గొంతు తగదని మొదట తిరస్కారం ఎదురైంది. హెచ్.ఎం.వి. సంస్థలో పనిచేస్తున్న పేకేటి శివరాం ఆ గొంతులోని విశేషాన్ని గుర్తించి రికార్డు చేయించాడు. ఈ శివరామే తరువాత నటుడిగా, "దేవదాసు" చిత్రంలో దేవదాసు మిత్రుడి పాత్రలో ప్రసిద్ధుడయ్యాడు.

"బాలరాజు" (1948), "కీలుగుర్రం" (1949), "మనదేశం" (1949) చిత్రాలతో ఘంటసాల సంగీత దర్శకుడిగా నిలదొక్కుకున్నాడు. "పాతాళభైరవి" (1951), "దేవదాసు" (1953) చిత్రాల పాటలతో ఆయన గొంతు తెలుగునాట ప్రతి ఇంటికీ తెలిసింది. సినిమాలలో తీరిక లేకున్నా ఆయన ప్రైవేటు రికార్డులను విడిచిపెట్టలేదు. లలితగీతాలు, జానపద గీతాలు, భక్తిగీతాలతో పాటు పద్యాలను కూడా వాటిలో పాడాడు.

మూల రచన

జంధ్యాల పాపయ్యశాస్త్రి (1912 - 1992) గుంటూరు జిల్లా కొమ్మూరులో జన్మించాడు. గుంటూరులోని ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో తెలుగు ఉపన్యాసకుడిగా పనిచేశాడు. కరుణరసం ప్రధానంగా, లలితమైన పదాలతో పద్యాలు రాయడం ఆయన ప్రత్యేకత. "ఉదయశ్రీ" ఆయన ప్రసిద్ధ ఖండకావ్య సంపుటి.

పుష్పవిలాపం కథ చాలా చిన్నది. ఒక భక్తుడు తెల్లవారుజామున లేచి, స్నానం చేసి, దేవుని పూజకు పూలు కోయడానికి తోటకు వెళ్తాడు. చేయి చాచగానే పూలు విలపిస్తూ మాట్లాడతాయి. తల్లి ఒడిలో ఆడుకుంటున్న తమను ఎందుకు తుంచుతావని ప్రశ్నిస్తాయి. ఉన్న కొద్దికాలంలో తాము తుమ్మెదలకు తేనెను, గాలికి సువాసనను ఇస్తున్నామని చెబుతాయి. దారంతో ఉరిబిగించడం, సూదితో గుండెలు గుచ్చడం, అత్తరు కోసం మరిగించడం వంటి మనుషుల చేష్టలను ఒక్కొక్కటిగా ఎత్తిచూపుతాయి. బుద్ధుడు పుట్టిన దేశంలో దయ ఏమైపోయిందని నిలదీస్తాయి. భక్తుడు పూలు కోయకుండా వట్టి చేతులతో తిరిగివచ్చి ఆ సంగతి దేవునికే విన్నవించుకుంటాడు.

కుంతీకుమారిలో వివాహానికి ముందే తల్లి అయిన కుంతి, పసివాడైన కర్ణుని నీటిలో విడిచిపెట్టే సమయంలో పడే వేదన ఇతివృత్తం. రెండు ఖండికలలోను దుఃఖం చెప్పుకొనే దిక్కులేనివారి మాటే ప్రధానం. అందువల్ల ఇక్కడ మాట వినబడకపోతే రసం లేదు.

రికార్డు నిడివి

78 వేగం (నిమిషానికి 78 భ్రమణాలు) గల పది అంగుళాల రికార్డుకు ఒక్కో ముఖంపై సుమారు మూడు నుండి మూడున్నర నిమిషాల వ్యవధి మాత్రమే ఉంటుంది. రెండు ముఖాలు కలిపినా ఏడు నిమిషాలకు మించదు. పుష్పవిలాపం రెండు భాగాలుగా రికార్డు రెండు ముఖాలపై వెలువడింది. శ్రోత మధ్యలో లేచి రికార్డును తిరగవేయాలి.

పద్య ఛందస్సు ఈ లెక్కలో ముఖ్యమైనది. ఉదాహరణకు ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, నాలుగు పాదాలకు 80 అక్షరాలు ఉంటాయి. దీనిని వట్టిగా చదివితే అర నిమిషం కూడా పట్టదు. రాగయుక్తంగా పాడితే సుమారు ఒక నిమిషం పడుతుంది. అంటే ఒక ముఖంపై మూడు నాలుగు వృత్తాలకు మించి చోటు ఉండదు. రంగస్థల పద్ధతిలో ఆలాపన చేస్తే ఒక్క పద్యంతోనే ముఖం పూర్తవుతుంది, కథ ముందుకు సాగదు. అందువల్ల ఖండికలోని ఎంపిక చేసిన పద్యాలను తీసుకొని, వాటిని సంక్షిప్తంగా పాడవలసి వచ్చింది.

రికార్డింగులో మైక్రోఫోను ఉండటం రెండవ ముఖ్య కారణం. 1925 తరువాత వ్యాపించిన విద్యుత్ రికార్డింగు పద్ధతిలో గాయకుడు అరవనవసరం లేదు. నెమ్మదిగా పలికిన మాట, ఊపిరి, గొంతులోని జీర కూడా మైక్రోఫోను పట్టుకొంటుంది. చివరి వరుస ప్రేక్షకుని కోసం పుట్టిన తారస్థాయి గానం ఇక్కడ అవసరం లేకపోయింది.

గాన విధానం

ఘంటసాల పద్యగానంలో క్రింది లక్షణాలను గమనించవచ్చు.

1. అర్థాన్ని బట్టి విరుపు: పాదం ముగిసినచోట కాక, భావం ముగిసినచోట ఆగుతాడు. సమాసాన్ని మధ్యలో విరవడు. దీనివల్ల పద్యం మాటలాడుతున్నట్లు ఉంటుంది. అయినా యతిప్రాసల అందం చెడదు.

2. స్పష్టమైన ఉచ్చారణ: ఒత్తులు, దీర్ఘాలు, ద్విత్వాలు తేటగా వినబడతాయి. మొదటిసారి వినేవారు కూడా పదాలను రాసుకోగలరు.

3. మితమైన ఆలాపన: రాగం పద్యానికి ముందు సూచనగా, చివర ముగింపుగా మాత్రమే వస్తుంది. భావాన్ని పొడిగించడానికే తప్ప గాత్ర సామర్థ్యాన్ని ప్రదర్శించడానికి ఉపయోగించబడదు.

4. భావానికి తగిన రాగం: పద్యం నుండి పద్యానికి భావం మారినప్పుడు రాగచ్ఛాయ కూడా మారుతుంది. వేడుకోలు, నిష్ఠురం, నింద వేర్వేరు స్వరాలలో వినిపిస్తాయి.

5. వచనం: పద్యాల నడుమ చిన్న వచన వాక్యాలు కథను కలుపుతాయి. వీటిని కూడా శ్రుతిలోనే, భక్తుడు దేవునితో చెప్పుకొంటున్నట్లు పలుకుతాడు.

6. వాద్యాల పొదుపు: వాద్యసంగీతం పద్యాల మధ్య ఖాళీలను నింపుతుంది. గాయకుడు పాడుతున్నప్పుడు వెనుకకు తగ్గుతుంది.

ఈ లక్షణాలలో కొన్ని రికార్డు పరిమితి వలన వచ్చినవి, కొన్ని గాయకుడు ఎంచుకొన్నవి. నిడివి తక్కువ కాబట్టి ఆలాపన తగ్గడం అనివార్యం. మిగిలిన సమయాన్ని మాటకు అప్పగించడం మాత్రం ఘంటసాల నిర్ణయం. అదే కాలంలో నాటక పద్యాలను పాత పద్ధతిలోనే పాడి రికార్డు చేసిన రంగస్థల గాయకులు ఉన్నారు.

సినిమా పద్యాలతో సంబంధం

పౌరాణిక చిత్రాలలో పద్యాలు పాడటానికి ఈ పద్ధతి అనువుగా కుదిరింది. తెరపై నటుడి ముఖం పెద్దదిగా కనిపిస్తున్నప్పుడు దీర్ఘమైన ఆలాపన దృశ్యాన్ని నిలిపివేస్తుంది. క్లుప్తంగా, స్పష్టంగా, నటుడి ఉచ్ఛ్వాస నిశ్వాసాలకు తగినట్లుగా పద్యం సాగాలి. "మాయాబజార్" (1957), "నర్తనశాల" (1963), "లవకుశ" (1963), "పాండవ వనవాసం" (1965) చిత్రాలలోని పద్యాలు ఈ కోవకు చెందినవి. వీటిలో "నర్తనశాల"కు సంగీతం కూర్చినది పెదకళ్ళేపల్లికి చెందిన సుసర్ల దక్షిణామూర్తి. ఘంటసాల ఎక్కువగా గాత్రదానం చేసిన నటులు నందమూరి తారక రామారావు, అక్కినేని నాగేశ్వరరావు కూడా గుడివాడకు చేరువలోని గ్రామాలలో (నిమ్మకూరు, రామాపురం) పుట్టినవారే.

ప్రభావం, విమర్శ

పుష్పవిలాపం పద్యాలను పుస్తకంలో చదివినవారి కంటే రికార్డు ద్వారా, రేడియో ద్వారా విన్నవారే ఎక్కువ. పాఠశాలల పద్యపఠన పోటీలలో విద్యార్థులు నేటికీ ఈ పద్యాలను ఘంటసాల పాడిన రాగాలలోనే పాడుతుంటారు. గ్రాంథిక పదాలున్న పద్యం పండితుల సొత్తు అనే భావనను ఈ రికార్డు తొలగించింది. రికార్డు విన్న తరువాత పూలు కోయడానికి చేయి రావడం లేదని చెప్పుకొన్న శ్రోతలు ఎందరో.

అయితే ఈ మార్పులో నష్టం కూడా ఉంది. రంగస్థల పద్యం ఏ రెండు రాత్రులూ ఒకే విధంగా ఉండేది కాదు. ఊరిని బట్టి, నటుని బట్టి, ప్రేక్షకుల స్పందనను బట్టి మారేది. రికార్డుపైకి ఎక్కిన పద్యం ఎన్నిసార్లు విన్నా ఒకే విధంగా ఉంటుంది. కొంతకాలానికి అదే ప్రమాణమై, వేరే రాగంలో పాడితే "తప్పు" అనిపించే స్థితి వచ్చింది. నాటకాభిమానులు ఆలాపన లేని పద్యాన్ని అసంపూర్ణంగా భావించారు. మరోవైపు ఘంటసాలను అనుకరించే గాయకులు పెరిగి, సొంత బాణీలు తగ్గాయి. రంగస్థల పద్యం పూర్తిగా అంతరించలేదు. ఆంధ్ర ప్రాంతపు ఉత్సవాలలో పౌరాణిక నాటకాలు, వాటితో పాటు దీర్ఘమైన రాగాలు నేటికీ వినిపిస్తాయి. కాని వాటి శ్రోతలు వేరు, రికార్డు శ్రోతలు వేరు.

ఇతర దేశాల సంప్రదాయాలతో పోలిక

మౌఖికంగా వచ్చిన కళ రికార్డుకు ఎక్కినప్పుడు ఇటువంటి సమస్య ఇతర చోట్ల కూడా ఎదురైంది. పశ్చిమ ఆఫ్రికాలోని మాలి, గినీ, గాంబియా, సెనెగల్ దేశాలలో "గ్రియో" అనే వంశపారంపర్య గాయకులు ఉన్నారు. మాండే భాషలలో వీరిని "జెలి" అంటారు. రాజవంశాల చరిత్రను, సుంజాతా వీరగాథను వీరు తరతరాలుగా గానం చేస్తూ వచ్చారు. 21 తంత్రులు గల "కోరా" వీరి ముఖ్య వాద్యాలలో ఒకటి. మాలికి చెందిన సిదికి జబాతే తదితరులు వాయించిన కోరా సంగీతం 1970లో "ప్రాచీన తంత్రులు" అనే అర్థమిచ్చే పేరుతో ఎల్.పి. రికార్డుగా వెలువడింది. సిదికి కుమారుడు తుమాని జబాతే (1965 - 2024) 1988లో "కైరా" అనే తొలి ఆల్బమ్‌ను కోరా ఒక్కదానితోనే, గాత్రం లేకుండా వెలువరించాడు.

ఈ రెండు ఉదాహరణలు ఒకదానికొకటి ఎదురు దిశలలో సాగాయి. మాటకు నెలవైన గ్రియో కళ "కైరా"లో మాటను విడిచి వాద్యాన్ని ముందుకు తెచ్చింది. రాగానికి నెలవైన తెలుగు నాటక పద్యం పుష్పవిలాపంలో రాగాన్ని తగ్గించి మాటను ముందుకు తెచ్చింది. ఇంకొక భేదం కూడా గమనించదగినది. గ్రియోలకు గానం వంశం నుండి వచ్చిన వృత్తి. ఘంటసాలకు తండ్రి నుండి వచ్చింది అభిరుచి మాత్రమే, విద్యను ఆయన మధుకరం చేసి సంపాదించుకోవలసి వచ్చింది.

భగవద్గీత

పద్య రికార్డులలో రూపుదిద్దుకొన్న పద్ధతిని ఘంటసాల చివరిసారిగా ఉపయోగించినది భగవద్గీత గానంలో. ఎంపిక చేసిన సంస్కృత శ్లోకాలను రాగయుక్తంగా పాడి, వాటి తాత్పర్యాన్ని తెలుగు వచనంలో చెప్పాడు. అనారోగ్యంతో ఉన్న రోజులలో పాడిన ఈ రికార్డు ఆయన మరణానంతరం 1974లో విడుదలైంది. ఎల్.పి. రికార్డుకు ఒక్కో ముఖంపై 20 నిమిషాలకు పైగా వ్యవధి ఉంటుంది. 78 వేగం రికార్డుల నాటి ఇరుకు ఇక్కడ లేదు. అయినా ఆయన ఆలాపనను పెంచలేదు. మాటకు ఇచ్చిన ప్రాధాన్యం కేవలం సాంకేతిక పరిమితి వలన వచ్చినది కాదని దీనివల్ల తెలుస్తుంది.

గుర్తింపు

భారత ప్రభుత్వం 1970లో ఘంటసాలకు పద్మశ్రీ పురస్కారం ప్రదానం చేసింది. తిరుమల తిరుపతి దేవస్థానం ఆస్థాన గాయకుడిగా ఆయన వ్యవహరించాడు. విజయవాడలోని ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలకు ఆయన పేరు పెట్టారు. 2003లో భారత తపాలా శాఖ ఆయన స్మారక తపాలా బిళ్ళను విడుదల చేసింది. 2022లో ఆయన శతజయంతి జరిగింది. పుష్పవిలాపం, కుంతీకుమారి రికార్డులు తరువాత క్యాసెట్లు, సీడీలు, అంతర్జాలం ద్వారా కొత్త తరాలకు చేరాయి. ఇప్పుడు మధ్యలో రికార్డును తిరగవేయవలసిన పని లేదు. రెండు ముఖాలూ ఒకే గానంగా వినిపిస్తున్నాయి.